ప్రధానమంత్రి అయిన బిషప్పు మోన్‌రాడ్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, అందరికీ తెలిసిన పెద్దలను గురించి మిత్రులు ఎలాగూ వ్రాస్తారు గనుక నేను వేరొకరిని ఎన్నుకుంటానన్నాను. ఎవరని అడిగారు. డెన్మార్క్ దేశపు లూథరన్ బిషప్పు, ఆ దేశానికి ప్రధానమంత్రిగా కూడా చేశాడన్నాను. ఆయన కాసేపు ఆగి, నాలుగు పేజీలు దాటకుండా చూడమని మాత్రం చెప్పారు. దాటకుండా వ్రాయడానికే ప్రయత్నిస్తాను.

గుంటూరు జిల్లా వారికి లూథరన్ అనే మాట కొత్తది కాదు. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుండి ఆ సంఘం వారి బడులు, ఆసుపత్రులు మనం ఎరిగినవే. మనలో ఎంతమంది ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకొని గుమాస్తాలమయ్యామో లెక్క తీస్తే ఈ సంచిక చాలదు. అయితే నేను వ్రాయబోయే బిషప్పు మన దేశం మొహం చూసినవాడు కాదు. ఆయన పేరు నా చెవిన పడడమే ఒక చిత్రం.

2019లో మా చిన్నమ్మాయి పురిటికని నేనూ, మా ఇంటావిడా న్యూజిలాండ్ వెళ్ళాము. అల్లుడి ఉద్యోగం పామర్‌స్టన్ నార్త్ అనే చిన్న పట్నంలో. మనకు తీరిక ఎక్కువ, అక్కడ మాట్లాడేవారు తక్కువ. సాయంత్రం పూట నడుస్తుంటే మోన్‌రాడ్ అనే పేరుతో ఒక బడి కనిపించింది. ఇంగ్లీషు పేరులా లేదే అని అల్లుణ్ణి అడిగితే తెలియదన్నాడు. మర్నాడు ఊరి గ్రంథాలయంలో అడిగాను. ఆ పెద్దావిడ రెండు పుస్తకాలు తీసి నా ముందు పెట్టింది. అక్కడున్న మూడు నెలల్లో నా చదువంతా అదే అయింది. ఇంటికి వచ్చాక కూడా దొరికినదల్లా చదివాను. ఎందుకంత పట్టుకుందో ముందు చెప్పను. వరుసలో అదే వస్తుంది.

డిట్లెవ్ గోథార్డ్ మోన్‌రాడ్ 1811 నవంబరు 24న కోపెన్‌హాగన్‌లో పుట్టారు. తండ్రికి మతిస్థిమితం చెడడంతో బాల్యం సుఖంగా గడవలేదు. ఆ భయం కొడుకును కూడా జీవితమంతా వెంటాడిందంటారు. ఆయనకు ఒక్కొక్కప్పుడు పదిమంది పని ఒక్కడే చేయగల ఉత్సాహం, ఒక్కొక్కప్పుడు మంచం దిగలేనంత నీరసం వస్తూ ఉండేవట. చదువు దైవశాస్త్రం. దానితో తృప్తి పడక హీబ్రూ, అరబ్బీ, పారసీ వంటి తూర్పు దేశపు భాషల మీద పడ్డారు. ఆ దారిలోనే ఉంటే ఏ విశ్వవిద్యాలయంలోనో ఆచార్యుడై ఉండేవారు, మనకు కథ ఉండేది కాదు.

అప్పటి డెన్మార్క్‌లో రాజు మాటే చట్టం. 1660 నుండి అదే పద్ధతి. 1839లో ముసలి రాజు పోయి కొత్త రాజు వచ్చేసరికి చదువుకున్న యువకులంతా రాజ్యాంగం కావాలని గొంతెత్తారు. మోన్‌రాడ్ చిన్న చిన్న రాజకీయ కరపత్రాలు వరుసగా వేశారు, పత్రిక నడిపారు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, కూడు పెట్టేది రాజకీయం కాదు గనుక 1846లో లాలాండ్ అనే దక్షిణపు దీవిలో ఒక పల్లెటూరి చర్చికి పాస్టరుగా వెళ్ళారు. అంతకు ముందటి యేడు, 1845లో, డెన్మార్క్ మన తరంగంబాడిని, బెంగాలులోని శ్రీరాంపురాన్ని ఇంగ్లీషు కంపెనీకి అమ్ముకున్నది. తరంగంబాడి అంటే 1706లో లూథరన్ మిషనరీ సీగెన్‌బాల్గ్ దిగిన రేవు. ఆ మిషను నుండి మద్రాసు చేరిన షుల్జ్ దొర 1728లోనే తెలుగుకు వ్యాకరణం వ్రాసుకున్నాడు. కంపెనీ చేతిలో రేవులు పెట్టి డబ్బు తీసుకున్న ఆ చిన్న రాజ్యం అప్పటికే చితికి ఉన్నదని చెప్పడానికి ఈ ప్రస్తావన.

1848 మార్చిలో యూరపు అంతా అట్టుడికింది. 21వ తేదీన కోపెన్‌హాగన్ జనం వేలాదిగా రాజభవనానికి ఊరేగింపుగా వెళ్ళారు. కొత్తగా గద్దెనెక్కిన ఏడవ ఫ్రెడరిక్ రాజు మంత్రులను అప్పటికే మార్చివేశానని చెప్పి వారిని పంపివేశాడు. తుపాకీ పేలకుండా 188 యేళ్ళ నిరంకుశత్వం ముగిసింది. ఆ కొత్త మంత్రివర్గంలో విద్య, మత వ్యవహారాల శాఖ మన పల్లెటూరి పాస్టరుకు వచ్చింది. వయసు 36.

రాజ్యాంగం చిత్తుప్రతి తయారుచేసే పని కూడా ఆయన మీదనే పడింది. మన ఉద్యోగుల భాషలో చెప్పాలంటే డ్రాఫ్టు పుటప్ చేసినవారు ఆయనే. బెల్జియం వారి 1831 రాజ్యాంగం, నార్వే వారి 1814 రాజ్యాంగం ముందు పెట్టుకొని, తమ దేశానికి కావలసినది తీసుకున్నారు. భాష దిద్దినవారు సాటి మంత్రి ఓర్లా లేమన్. 1849 జూన్ 5న రాజు సంతకం చేశాడు. రెండు సభలు, పత్రికలకు స్వేచ్ఛ, ఎవరి మతం వారు ఆచరించుకునే హక్కు అందులో ఉన్నాయి. లూథరన్ సంఘానికి జనసంఘం అనే అర్థం వచ్చే కొత్త పేరు అందులోనే వచ్చింది. ముప్పై యేళ్ళు నిండి సొంత కాపురం ఉన్న మగవారికి వోటు. నౌకర్లకు లేదు, పేదల నిధి నుండి సాయం పొందేవారికి లేదు, ఆడవారికి అసలే లేదు. లెక్కకు జనాభాలో నూటికి పదిహేనుమందికి వచ్చింది. ఈ రోజు చూస్తే తక్కువే. ఆనాటి యూరపులో అదే చాలా ఎక్కువ. జూన్ 5వ తేదీని డేనులు నేటికీ రాజ్యాంగ దినంగా జరుపుకుంటారు. తర్వాత 1953లో వచ్చిన రాజ్యాంగం మీద సంతకం కూడా ఆ తేదీనే జరిగింది.

మంత్రి పదవి ఎనిమిది నెలలకే పోయినా 1849లో ఆయన లాలాండ్, ఫాల్‌స్టర్ దీవులకు బిషప్పు అయ్యారు. అదే సమయంలో పార్లమెంటు సభ్యుడు కూడా. బిషప్పు జీతం ఇచ్చేది ప్రభుత్వం, సభలో ఆయన తిట్టేది ప్రభుత్వాన్ని. ఎన్నాళ్ళు జరుగుతుంది? 1854లో ఉద్యోగం ఊడబెరికారు. మరుసటి యేడు ప్రభుత్వం మారగానే దేశంలోని ప్రాథమిక పాఠశాలలన్నిటికీ అధికారిగా వేశారు. 1859 నుండి మళ్ళీ మంత్రి. ఈ భాగం గబగబా దాటుతున్నాను. ఆయన జీవితమంతా వచ్చి ఆగేది 1864 దగ్గర.

అక్కడి చిక్కు రెండు మాటల్లో చెప్పాలి. డెన్మార్క్ రాజు కిందనే ష్లెస్విగ్, హోల్‌స్టైన్ అనే రెండు సంస్థానాలు ఉండేవి. హోల్‌స్టైన్ పూర్తిగా జర్మను. ష్లెస్విగ్ ఉత్తరపు సగం డేనిషు మాట్లాడేది, దక్షిణం జర్మను. మోన్‌రాడ్ పక్షం వారు ష్లెస్విగ్ మొత్తం డెన్మార్క్‌లో కలవాలనేవారు. జర్మనులు రెండూ తమవేననేవారు. 1848 నుండి మూడేళ్ళు యుద్ధం జరిగి, పెద్ద రాజ్యాల పుణ్యమా అని డెన్మార్క్ నెగ్గినట్లయింది. ష్లెస్విగ్‌ను తమలో కలుపుకోబోమని అప్పుడు మాట ఇచ్చారు. 1863 నవంబరులో ఆ మాట తప్పి, ష్లెస్విగ్‌ను కలుపుతూ కొత్త రాజ్యాంగం పార్లమెంటులో నెగ్గించుకున్నారు. రెండు రోజులకే రాజు పోయాడు. కొత్తగా వచ్చిన తొమ్మిదవ క్రిస్టియన్ ఇష్టం లేకుండానే 18వ తేదీన సంతకం పెట్టాడు. బెర్లినులో బిస్మార్క్ కాచుకొని కూర్చున్నది దీని కొరకే.

యుద్ధం ముంచుకువస్తున్నదని తెలిసి ఉన్న మంత్రివర్గం దిగిపోయింది. ఎవరూ ముందుకు రాని ఆ కుర్చీలో 1863 డిసెంబరు 31న మోన్‌రాడ్ కూర్చున్నారు. ఆర్థిక శాఖ కూడా తన దగ్గరే పెట్టుకున్నారు. ఇది ధైర్యమా, అహంకారమా అని చరిత్రకారులు తగువులాడుకుంటారు. మిగిలినవారు తప్పుకున్నప్పుడు వచ్చి కూర్చున్నవాడిని తేలికగా మాట అనకూడదని నా ఉద్దేశం.

1864 ఫిబ్రవరి 1న ప్రష్యా, ఆస్ట్రియా సైన్యాలు సరిహద్దు దాటాయి. డానెవిర్క అనే పురాతనపు మట్టిగోడ తమకు పెట్టని కోట అని డేనులు నమ్ముకున్నారు. నాలుగైదు రోజులకే సేనాధిపతి మంచులో రాత్రికి రాత్రి సైన్యాన్ని వెనక్కు తీసుకువచ్చాడు. చేసినది సరైన పనే. ప్రజలు మండిపడ్డారు, ప్రభుత్వం ఆయన్ను తొలగించింది. డ్యుబ్బుల్ అనే చోట మిగిలిన సైన్యం బురుజులలో నిలబడింది. ఇక నిలవలేము, తప్పుకుంటామని సేనానులు కోరితే రాజధాని నుండి వీల్లేదని ఉత్తర్వు వచ్చింది. ఒప్పందం మాటలాడే వేళకు చేతిలో ఏదో ఒకటి ఉండాలని ప్రభుత్వం ఆలోచన. ఏప్రిలు 18న ప్రష్యనులు విరుచుకుపడ్డారు. ఆ ఒక్క రోజున డేనులలో చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిపి 4,800 మంది.

అప్పుడు లండనులో సంధి సభ జరిగింది. ఇంగ్లాండు, ఫ్రాన్సు, రష్యా పెద్దమనుషులు కూర్చున్నారు. ష్లెస్విగ్‌ను పంచుకోండి అన్నారు. గీత ఎక్కడ గీయాలన్నది తేలలేదు. డేనులు ఒక గీత అన్నారు, ప్రష్యనులు దానికి బాగా ఉత్తరంగా మరొకటి అన్నారు. చివరకు ఇంగ్లాండు వారు, ఆ రెంటి నడుమ ఒక మధ్యవర్తి గీసిన గీతకు ఒప్పుకోండని ప్రతిపాదించారు. ఒప్పుకుంటే ష్లెస్విగ్‌లో ఉత్తర భాగమైనా దక్కేది.

జూన్ 20న రాజు సమక్షంలో మంత్రుల సభ. మిత్రులారా, నేను గ్రంథాలయంలో పుస్తకం మూసి బయటకు వచ్చి కూర్చున్నది ఇక్కడే. సంగతి ఆమూలాగ్రం తెలిసినవారు మోన్‌రాడ్. సైన్యం ఎంత ఉందో తెలుసు. ఇంగ్లాండు ఓడలు పంపదని తెలుసు. అయినా ఇది చేయండి అని ఆయన రాజుకు చెప్పలేదు. తిరస్కరిస్తే తాను పదవిలో ఉంటానని, ఒప్పుకుంటే రాజు వేరే మంత్రులను చూసుకోవచ్చునని చెప్పి నిర్ణయం రాజుకే వదిలారు. రాజు గద్దెనెక్కి ఏడు నెలలు. జర్మను గడ్డ మీద పుట్టినవాడని ప్రజలకు ఆయన మీద అసలే అనుమానం. భూమి వదులుకుంటానని అతని నోటితో అనగలడా? వేరే మంత్రిని తెచ్చే ధైర్యం లేక, కాదనే దానికే తల ఊపాడు.

మనకు ఇది కొత్త విద్య కాదు. అనుకూలం ఇన్ని, ప్రతికూలం ఇన్ని అని వ్రాసి, చివర సిఫారసు లేకుండా, తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది అని ఫైలు పైకి తోయడం. 1979లో నేను ఒక ఆఫీసులో ఈ పని చేశాను. చనిపోయిన అటెండరు భార్య కుటుంబ పింఛను ఫైలు అది. అతని నామినేషను పెళ్ళికి ముందుది, అందులో తల్లి పేరు ఉన్నది. ఆ తల్లి అర్జీ పెట్టుకున్నది. పింఛను భార్యకే చెందుతుందని నాకు నిబంధనతో సహా తెలుసు. అయితే ఆ తల్లి తరఫున ఒక పెద్దమనిషి తిరుగుతున్నాడు. ఎందుకొచ్చిన గొడవ అని ఇరుపక్షాలవీ వ్రాసి ఉత్తర్వులకు పెట్టాను. మా అధికారి ఆ సీటులోకి వచ్చి మూడు వారాలు. ఆయన వివరణ కోరుతూ పైకి పంపాడు. అది తిరిగి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వచ్చిన ఉత్తర్వు నాకు మొదటి రోజున తెలిసినదే. ఆ పద్నాలుగు నెలలూ ఆమె చంటిపిల్లతో నెలకొకసారి వచ్చి, ఏమయిందయ్యా అని నన్నే అడిగేది. నా మీద మాట రాలేదు. నోటులో ఒక్క తప్పు లేదు మరి.

డెన్మార్క్ ఫైలు అంత కాలం తీసుకోలేదు. జూన్ 25న లండను సభ ముగిసింది. 29 తెల్లవారుజామున ప్రష్యనులు పడవలలో దాటి ఆల్స్ దీవిని పట్టుకున్నారు. జూలైలో మోన్‌రాడ్‌ను రాజు దింపివేశాడు. అక్టోబరు 30న వియన్నాలో సంధి. హోల్‌స్టైన్, లావెన్‌బర్గ్‌తోపాటు ష్లెస్విగ్ అంతా పోయింది. దేశంలో అయిదింట రెండు వంతుల నేల, సుమారు పది లక్షల జనం చేయి జారారు. డేనిషు మాట్లాడే ఉత్తరపు పల్లెలవారు కూడా పరాయి రాజు కిందకు వెళ్ళారు. ఆ పల్లెల మొగపిల్లలు ఆ తర్వాత జర్మను యూనిఫారాలు వేసుకొని ప్రపంచ యుద్ధంలో చచ్చిపోవలసి వచ్చింది.

వీధిలో జనం మోన్‌రాడ్‌ను ఏ కంటితో చూసి ఉంటారో మీరు ఊహించుకోగలరు. 1865 చివరలో భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని ఆయన ఓడ ఎక్కారు. భూగోళంలో అంతకన్నా దూరం లేదనిపించే న్యూజిలాండ్ చేరారు. పామర్‌స్టన్ నార్త్ దగ్గర కారెరె అనే చోట 482 ఎకరాల అడవి కొన్నారు. ప్రధానమంత్రి చేసిన మనిషి, బిషప్పు, పారసీ చదివినవాడు, 54వ యేట గొడ్డలి పట్టి చెట్లు కొట్టించి తానూ కొట్టి, ఇల్లు కట్టి, ఆవులనూ గొర్రెలనూ మేపుకున్నాడు. సామానులో డ్యూరర్, రెంబ్రాంట్ వంటి మహా చిత్రకారుల ముద్రణ చిత్రాలు కూడా తెచ్చుకున్నాడట. ఆ అడవిలో రాత్రిపూట దీపం దగ్గర అవి తీసి చూసుకునే మనిషిని తలచుకుంటే నాకు ఏదోలా ఉంటుంది.

1868లో మావోరీ నాయకుడు టిటోకోవరు తెల్లవారి మీద యుద్ధానికి లేవడంతో ఆ ప్రాంతం అంతా భయం కమ్మింది. మోన్‌రాడ్ కుటుంబం ఇల్లు విడిచి వెల్లింగ్టన్ చేరింది. 1869లో ఆయన స్వదేశానికి మళ్ళారు. కొడుకులు విగ్గో, యోహానెస్ ఆ నేలమీదనే స్థిరపడ్డారు. వెళ్ళేముందు తన 600 చిత్రాలు న్యూజిలాండ్ ప్రభుత్వానికి ఇచ్చి వెళ్ళారు. అవి ఇప్పుడు వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియంలో ఉన్నాయి. మేము వెళ్ళిన రోజున గోడమీద ఒక్కటీ లేదు. వెలుతురు తగిలితే పాడవుతాయని లోపల దాచి, కొన్ని కొన్నిగా బయట పెడతారట. మా ఇంటావిడ కాళ్ళు నొప్పులని బెంచీ మీద కూర్చొని, ఎవరి చిత్రాలకో మనం ఇంత దూరం రావడమేమిటని విసుక్కున్నది.

తిరిగి వచ్చిన మనిషి పదవి అడగలేదు. కోపెన్‌హాగన్ దగ్గరి బ్రోండ్‌బీ అనే పల్లె చర్చిలో పాస్టరుగా చేరారు. మంత్రులను శాసించినవాడు మళ్ళీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు చేసుకుంటూ కూర్చున్నాడు. రెండేళ్ళు తిరగకముందే, 1871లో, 1854లో ఊడబెరికిన ఆ లాలాండ్, ఫాల్‌స్టర్ బిషప్పు ఉద్యోగమే తిరిగి ఇచ్చారు. పదిహేడేళ్ళ క్రితం పోయిన కుర్చీ తిరిగి దక్కిన ఉద్యోగి మన సర్వీసులో ఒక్కడైనా ఉన్నాడా? ఆ కాలంలో ప్రార్థనను గురించి ఆయన వ్రాసిన పుస్తకం పరాయి భాషలలోకి కూడా వెళ్ళింది. రాజకీయం వదిలిపెట్టారా అంటే అదీ లేదు. రాజకీయ లేఖలన్న పేరుతో చిన్న పుస్తకాలు వేశారు.

1882లో, డెబ్బయ్యవ పడి దాటాక, మళ్ళీ పార్లమెంటుకు నిలబడి గెలిచారు. అప్పటి ప్రధాని ఎస్ట్రుప్, కింది సభ బడ్జెటు ఒప్పుకోకపోయినా 1885 నుండి తాత్కాలిక శాసనాలతో పన్నులు వసూలు చేసి ఖర్చుపెట్టాడు. తాను చేతితో వ్రాసిన రాజ్యాంగం ఇలా వంకరపోతుంటే ముసలి బిషప్పు చూస్తూ ఊరుకోలేదు. ప్రజలు ఎన్నుకున్న సభదే పైచేయి కావాలని చెప్పారు. ఈసారి ఆయన అభిప్రాయం ఏమిటో ఎవరికీ అనుమానం మిగలలేదు. ఎస్ట్రుప్ మాత్రం వినలేదు. 1886లో మోన్‌రాడ్ సభ నుండి తప్పుకున్నారు.

1887 మార్చి 28న ఫాల్‌స్టర్ దీవిలోని నైకోబింగ్‌లో, బిషప్పు ఉద్యోగంలో ఉండగానే ఆయన కన్నుమూశారు. వయసు 75. విశ్రాంత ఉద్యోగి కాకుండానే పోయారన్నమాట.

ఇంకొక్క సంగతి ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక, 1920 ఫిబ్రవరి 10న ఉత్తర ష్లెస్విగ్ జనాన్ని ఎటు ఉంటారో వోటు వేసి చెప్పమన్నారు. నూటికి 75 మంది డెన్మార్క్ అన్నారు. పక్కనే ఉన్న మధ్య భాగంలో మరో వోటు పెడితే అక్కడివారు జర్మనీ అన్నారు. ఆ రెండింటి నడుమ గీత గీశారు. నేటికీ సరిహద్దు అదే.